లా చదువుకి ల్యాప్‌టాప్, 45 వేల లోపల ఏది తీసుకోవాల? కర్నూలు వాళ్ళు కాస్త చెప్పండి

పత్తికొండ_పిల్ల:
అందరికీ నమస్తే. లాసెట్‌లో ర్యాంకు వచ్చింది, ఐదేండ్ల లా సీటు కర్నూల్లోనే దొరికింది. మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ లా చదివిన వాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఈడ అడుగుతాండా. మా నాయన ఈ తూరి టమోటాకి మార్కెట్లో రేటు పలికినప్పుడు నా చదువుకని పక్కన పెట్టిన డబ్బుల్లోంచి 45 వేలు ల్యాప్‌టాప్‌కి ఇస్తానన్నాడు. కోత కూలి కూడా రాక కాయల్ని రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రోజులు నేను కళ్ళారా చూసినా, అందుకే ఈ డబ్బు తప్పు వస్తువు మీద పెట్టాలంటే భయంగా ఉంది. బెంగుళూర్లో ఉండే మా మామ గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో, 70 వేలు అయితాది, మిగతా 25 ఈఎంఐ పెట్టుకుందాం, ఐదేండ్లు చూసుకోవాల్సిన పని ఉండదు అంటాడు. కాలేజీలో ఉండే సీనియర్ అక్క ఏమో ఫోన్ చాలు, పరీక్షలు ఎట్లా పెన్నుతోనే రాసేది కదా అనింది. అసలు కావాల్నా వద్దా, కావాలంటే కొత్తదా పాతదా, దేని మీద డబ్బు పెట్టాల దేని మీద పెట్టకూడదు, మీకు తెలిసింది చెప్పండి. హాస్టల్లో ఉంటాను, వారానికొకసారి ఊరికి బస్సులో పోయొస్తా.

నల్లకోటు_అనంత:
ముందు సీటు వచ్చినందుకు చాలా సంతోషం తల్లీ. అనంతపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను, కొంచెం పొడుగ్గా చెప్తా ఓపిగ్గా చదువు.

మీ సీనియర్ చెప్పిన దాంట్లో సగం నిజముంది. పరీక్షలు పెన్నుతోనే, రోజూ చేత్తో రాయడం మాత్రం మానొద్దు, మూడు గంటలు ఆగకుండా రాయాలంటే చెయ్యి అలవాటు పడాల. కానీ పరీక్షలకి బయట ఉండే లా అంతా ఇప్పుడు స్క్రీన్ మీదే ఉంది. ఒక్క కేశవానంద భారతి తీర్పే చూడు, 1973లో 13 మంది జడ్జీలు కూర్చుని ఇచ్చింది, 700 పేజీలకు పైన. దాన్ని ఫోన్లో చదవాలంటే ఒక లైను చదివి పక్కకి జరిపి మళ్ళ వెనక్కి జరిపి, పది పేజీలకే కళ్ళు మంటలు. నేను అట్లా చదివినోడినే, రెండో ఏడాదికల్లా అద్దాలు వచ్చాయి, ఫోన్ వల్లే అని డాక్టరు చెప్పలేదు గానీ నాకైతే అదే అనుమానం.

ఇంకొకటి మీ బ్యాచ్‌కి ప్రత్యేకంగా ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షలు), సీఆర్‌పీసీ (కేసు నడిపే పద్ధతి), ఎవిడెన్స్ యాక్ట్ (సాక్ష్యం) పోయి వాటి చోట భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీనే. ఇన్నాళ్ళ తీర్పులన్నీ పాత నెంబర్లతోనే ఉంటాయి. మర్డర్ 302 అని ఊర్లో చిన్న పిల్లోడికి కూడా తెలుసు, కొత్తదాంట్లో అది 103. సీఆర్‌పీసీ 482 అంటే ఇన్నాళ్ళూ మాకు హైకోర్టులో కేసు కొట్టెయ్యమని వేసే క్వాష్ పిటిషన్, ఇప్పుడు 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ ఏమో 528కి పోయింది. ఇట్లాంటివి తలకెక్కాలంటే పాతది ఎడమ పక్క, కొత్తది కుడి పక్క తెరిచి పెట్టుకుని చదవాల్సిందే. అందుకే నేను చెప్పేది ఒకటే, డబ్బు స్క్రీన్ మీద పెట్టు, కీబోర్డు మీద పెట్టు, బ్యాటరీ మీద పెట్టు. ఆ మూడూ బాగుంటే ప్రాసెసర్ మధ్య రకందైనా నీ పని ఆగదు.

రిపేరు_బెంచి:
అన్న చెప్పింది కరెక్టు. కర్నూల్లో పదకొండేండ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బిగిస్తాండా, నా బెంచి మీదకొచ్చేవి చూసి చెప్తా.

పాపా, గేమింగ్‌ది వద్దు. మీ మామ మంచి మనసుతోనే చెప్పినాడు, ఆయన పనికి అది సరిపోవచ్చు. కానీ అది రెండు కేజీల మూడొందలు దాకా ఉంటాది, దాని అడాప్టరు ఇంకో అర కేజీ, పుస్తకాలతో పాటు దాన్ని భుజానేసుకుని బస్సులో నిలబడి పోవాల. చాలా వాటికి చార్జింగు మూడు నాలుగు గంటలకు మించి నిలవదు. దాంట్లో ఉండే గ్రాఫిక్స్ కార్డు జడ్జిమెంట్లు చదివేదానికి ఒక్క రూపాయి పని చెయ్యదు, వేడి మాత్రం పుట్టిస్తాది. మన కర్నూలు మే నెల ఎండలో ఫ్యాను మోత పెడతాంటే లైబ్రరీలో అందరూ నీ వైపే చూస్తారు.

ఇంగ షాపులో మోసపోయేది ఎక్కువ పేర్ల దగ్గర. ప్రాసెసర్ పేరు ఐ7 అని ఉంటే చాలు పెద్దదనుకుంటారు, ఆరో జనరేషన్ ఐ7 కంటే పన్నెండో జనరేషన్ ఐ3 చానా మేలు. రైజెన్ 5 అని రాసుంటే సరిపోదు, వెనక నెంబరు చూడల్ల. 7520యూ అనేది ఏడు వేల నెంబరు పెట్టుకున్నా లోపల పాత డిజైనే, నాలుగు కోర్లు, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటాది, తర్వాత పెంచుకునే దారి లేదు. అదే 7530యూ అయితే ఆరు కోర్లు, నయం. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉండేది తీసుకో. 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం స్టోరేజీ) అని రాసుంటే దాని దగ్గర నిలబడొద్దు, విండోస్ అప్‌డేట్లకే నిండిపోతాది. ర్యామ్ 16 ఉంటే మంచిది, డబ్బు చాలకపోతే 8 తీసుకో కానీ ఇంకో స్లాటు ఖాళీగా ఉందా అని అడిగి, వాళ్ళు ఉందంటే నమ్మక మోడల్ నెంబరు పెట్టి కంపెనీ సైట్లో చూసుకో.

స్క్రీను గురించి అన్న చెప్పినాడు కదా, ఎట్ల చూడాలో నేను చెప్తా. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం), ఫుల్ హెచ్‌డీ ఉండాల. షాపులో తెల్ల పేజీ తెరిచి పక్కకి జరిగి చూడు, పైనుంచి చూడు. రంగు మారి నల్లబడితే అది టీఎన్ ప్యానెల్, వదిలెయ్. బ్రైట్‌నెస్ 300 నిట్స్ దగ్గర ఉంటే పగలు వరండాలో కూర్చున్నా అక్షరం కనపడతాది.

గండికోట_గాలి:
కడపలో లా మూడో ఏడాది చదువుతున్నా. అక్కా అనాలా చెల్లీ అనాలా తెలీదు, చెల్లీ అనే అంటా.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదని రాస్తున్నా. రెండో ఏడాది మూట్ కోర్టుకి (లా పిల్లల ఉత్తుత్తి కోర్టు పోటీ) మెమోరియల్ (రాసిచ్చే వాదన) తయారు చేసినా. ఒక పక్షానికి 30 పేజీలు, వంద దాకా ఫుట్‌నోట్లు, ముందర కేసుల జాబితా, విషయసూచిక, మూడు వారాల పని. నాది పాత ల్యాప్‌టాపు, హార్డ్ డిస్కు తిరిగే రకం. ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి పదకొండున్నరకి టక్ టక్ టక్ అని శబ్దం వచ్చి ఆగిపోయింది, మళ్ళ ఆన్ కాలేదు. ఇంకో కాపీ ఎక్కడా లేదు. నాతో టీములో ఉన్న ఇద్దరి ముఖాలు చూడలేకపోయినా. ఒకరి ఫోన్లో వారం కిందటి వాట్సాప్ ఫైలు ఒకటి దొరికింది, దాంట్లో పది పేజీలు ఉన్నాయి, తెల్లారేదాకా కూర్చుని మిగతాది గుర్తున్నంత వరకు రాసినాం, ఫుట్‌నోట్లు సగం తప్పులు. ఓడిపోయినాం అనేది పక్కన పెట్టు, ఇప్పటికీ ఆ శబ్దం తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. ఎస్ఎస్‌డీ ఉన్నా సరే, అది కూడా చెప్పకుండా పోగలదు, రోజూ రాత్రి పడుకునే ముందు గూగుల్ డ్రైవ్‌లోకి ఒక కాపీ, వారానికొకసారి పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ వేసుకో.

ఇంకోటి, మా క్లాసు రూములో 60 మందికి గోడకి రెండే ప్లగ్గులు. వాటి కోసం పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు ఉన్నారు. టైపు సీ తోనే చార్జింగ్ ఎక్కేది తీసుకుంటే 65 వాట్ల చార్జరు ఒకటి ఫోన్‌కీ దానికీ సరిపోతుంది.

సీమ_టెకీ:
నాదొక వేరే మాట. ట్యాబ్ కీబోర్డుతో కలిపి తీసుకుంటే 30 వేలలో అయిపోతుంది కదా, తేలిక, చార్జింగ్ రోజంతా వస్తుంది, పెన్నుతో బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం) మీద గీతలు గీసుకోవచ్చు. మిగిలిన 15 వేలతో పుస్తకాలు కొనుక్కోవచ్చు.

గండికోట_గాలి:
అన్నా చదివేదానికి ట్యాబ్ బాగుంటుంది, నేను కాదనను. మెమోరియల్ రాసేటప్పుడే చిక్కు. వర్డ్‌లో ఫుట్‌నోట్లు వాటంతట అవి నెంబర్లు మారడం, విషయసూచిక దానంతట అది తయారు కావడం, ఇవన్నీ ట్యాబ్‌లో సగం సగమే దొరుకుతాయి. మా క్లాసులో ఒక అమ్మాయి ట్యాబ్‌లో రాసి చివర్లో నా దగ్గరకి వచ్చి సరిచేసుకుంటుంది.

నల్లకోటు_అనంత:
ట్యాబ్ రెండో వస్తువుగా మంచిది, ఒకటే కొనగలిగే పిల్లకి ల్యాప్‌టాపే. ఎందుకంటే ఐదేండ్ల కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ చెయ్యాలని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. ఆ రోజుల్లో నా దగ్గరికో ఇంకొక సీనియర్ దగ్గరికో వస్తావు, ప్లెయింటు (దావా కాగితం) డ్రాఫ్ట్ చెయ్యమంటాం, కౌంటర్ (ఎదుటి పక్షం జవాబు) డ్రాఫ్ట్ చెయ్యమంటాం, కేసు లా (పాత తీర్పులు) వెతకమంటాం. ఆఫీసులో కంప్యూటర్ ముందు ఎప్పుడూ టైపిస్టు కూర్చుని ఉంటాడు. సొంత మెషీన్ తెచ్చుకున్న జూనియర్‌కే పని దొరుకుతుంది, పని దొరికినోళ్ళే పని నేర్చుకుంటారు.

పుస్తకాల ఖర్చు గురించి కూడా ఒక మాట. చట్టాలన్నీ ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైట్లో ఉచితం. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా పెట్టారు, ఇంగ్లీషు మీడియం కాని పిల్లలు మొదట్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే లీగల్ ఇంగ్లీషు త్వరగా పట్టుబడుతుంది. తీర్పులు వెతకడానికి ఇండియన్ కానూన్ సైటు ఎట్లాగూ ఉంది. డబ్బు కట్టే డేటాబేస్‌లు మీ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయేమో అడుగు, సొంతంగా కట్టొద్దు.

పత్తికొండ_పిల్ల:
అన్నా మీరు తెలుగు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది, నేను తెలుగు మీడియం. కోర్టు కాగితాలు తెలుగులో టైపు చెయ్యాల్సి వస్తాదా? దానికి ఏమన్నా ప్రత్యేకంగా కొనాల్నా? ఇంకా రిఫర్బిష్డ్‌వి (బాగుచేసి మళ్ళ అమ్మే పాతవి) 22, 25 వేలకి చూపిస్తాండారు, అవి తీసుకోవచ్చా?

కోర్టు_టైపిస్టు:
అమ్మా, తెలుగు టైపింగు గురించి నేను చెప్తా. కడపలో కోర్టు బయట టైపింగు చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నదాన్ని.

మా షాపుల్లో ఎక్కువ మంది ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. చూడ్డానికి అక్షరం ముచ్చటగా ఉంటుంది, కాగితం మీద ప్రింటు తీసేంత వరకు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనపడతాయి. ఒకసారి ఒక ముసలాయన భాగపరిష్కారం కాగితం నా దగ్గర కొట్టించుకుని ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని రిజిస్ట్రేషన్‌కి పోయినాడు, ఆడ ప్రింటు తీద్దామని తెరిస్తే మొత్తం గీతలూ చుక్కలూ. ఎండలో మళ్ళ నా దగ్గరికి నడిచొచ్చినాడు, చెమటతో తడిసిన కవరు నా చేతికిచ్చి, ఇది నా పొలం కాగితమేనా అమ్మా అని అడిగినాడు. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా చేసి ఇస్తున్నా, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనపడే యూనికోడ్ నేను నేర్చుకునింది కూడా ఆ తర్వాతే.

నువ్వు మొదటి నుంచే యూనికోడ్‌లో కొట్టు. ఏమీ కొనక్కర్లేదు, విండోస్ సెట్టింగుల్లో భాష దగ్గర తెలుగు కలుపుకుంటే కీబోర్డు వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొడితే తెలుగు పడే ఫోనెటిక్ కూడా ఉంది, కానీ వయసులో ఉన్నావు కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ (మీటకొక తెలుగు అక్షరం ఉండే కీబోర్డు) నేర్చుకో, రోజుకి అరగంట చొప్పున రెండు నెలలు కష్టపడితే వేళ్ళు వాటంతట అవే పోతాయి. విండోస్ గుర్తు ఉన్న మీటా స్పేసూ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతుంది. మా తరం వాళ్ళు యూనికోడ్‌కి మారాలంటే చేతులు సహకరించడం లేదు, నీకు ఆ బాధ లేదు.

రిపేరు_బెంచి:
ఆ ముసలాయన మాట చదివి పని ఆపి కూర్చున్నా అక్కా.

రిఫర్బిష్డ్ గురించి. తీసుకోవచ్చు, థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటి ఆఫీసు మెషీన్లు కట్టుదిట్టంగా ఉంటాయి, కీబోర్డు అయితే కొత్త వాటికంటే బాగుంటాది. కానీ నాలుగు షరతులు. విండోస్ 10కి కంపెనీ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 సక్రమంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన ఉండాల, ఆరు ఏడు జనరేషన్లు షాపుల్లో గుట్టలుగా పెట్టినారు, ఏదో తిప్పలు పడి 11 ఎక్కించి అమ్ముతాండారు, వాటి జోలికి పోవద్దు. రెండోది, అదే మోడల్లో కూడా తక్కువ స్క్రీను వేసినవి ఉంటాయి, థింక్‌ప్యాడ్ టీ480 తీసుకుంటే 1366 ఇంటు 768 స్క్రీనువి కూడా వచ్చినాయి, అది నీ పక్కపక్క చదువుకి పనికిరాదు.

మూడోది బ్యాటరీ. షాపోడు కొత్త బ్యాటరీ అంటాడు, నువ్వు వినకుండా ఇట్ల చెయ్. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటాది, దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఏటవాలు గీత పెట్టి, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కు. ఒక ఫైలు ఎక్కడ దాచిందో చూపిస్తాది, తెరువు. డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. పోయిన వారం నా దగ్గరకొచ్చిన దాంట్లో మొదటిది 50 వేల చిల్లర, రెండోది 27 వేలు, అంటే సగం బ్యాటరీ చచ్చిపోయింది, ఆ పిల్లోడు కొని పది రోజులు. రెండో అంకె మొదటిదాంట్లో 80 శాతం కంటే తక్కువుంటే బ్యాటరీ మార్చి ఇమ్మను, లేకపోతే రేటు తగ్గించమను.

నాలుగోది, ఆన్ చేసేటప్పుడు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగులు) పోయి చూడు, పాస్‌వర్డ్ అడిగితే అది ఏదో కంపెనీ తాళం తియ్యకుండా అమ్మేసిన మెషీను, రేపు నీకే తలనొప్పి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా ఒకసారి నొక్కు, చార్జరు పిన్ను కదిలించి చూడు, మూత సగం తెరిచి వదిలెయ్, ఆడనే నిలబడాల. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నెంబరు లేకుండా డబ్బు చేతికియ్యొద్దు.

సీమ_టెకీ:
ఈఎంఐ గురించి ఎవరూ చెప్పలేదు. నో కాస్ట్ అని రాసినా ఒకేసారి డబ్బు కడితే ఎంత తగ్గిస్తావు అని అడిగి చూడండి, ఆ తగ్గేదే వడ్డీ. కార్డు మీద తీసుకుంటే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. టమోటా ఆదాయం మీద నెల నెలా కట్టే బాకీ పెట్టుకోకు చెల్లీ, మా ఇంట్లో వేరుశెనగ, నాకు తెలుసు. ట్యాబ్ గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా, ఇంటర్న్‌షిప్ సంగతి నాకు తోచలేదు.

రిపేరు_బెంచి:
ఇంగొకటి మర్చిపోయినా. హాస్టల్ ప్లగ్గుల్లో ఎర్తింగు సరిగ్గా ఉండదు, ఇనుప బాడీ ల్యాప్‌టాపు అయితే చార్జింగులో చేతికి జివ్వుమంటాది, అట్ల అనిపిస్తే వార్డెనమ్మకి చెప్పి ప్లగ్గు చూపించు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేసి రెండు పిన్నులది చేసుకునేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యొద్దు. బస్సులో ఎండ పడే కిటికీ పక్కన సీటు కింద పెట్టొద్దు. ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడుకునేటట్లయితే 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటాది, అది పెట్టుకో, వేడికి బ్యాటరీ ఉబ్బిన మెషీన్లు ఎండాకాలంలో వారానికి ఒకటన్నా వస్తాది నా దగ్గరకి.

పత్తికొండ_పిల్ల:
అందరికీ దండాలు. మీరు రాసినవన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకుని నిన్న నాయనా నేనూ కర్నూలు పోయినాం. మొదటి షాపులో 7520యూది చూపించి ఇది ఏడో సిరీస్, లేటెస్టు అన్నాడు. నేను ర్యామ్ ఎక్కించుకునే స్లాటు ఉందా అని అడిగితే మాట మార్చినాడు. రెండో షాపులో రిఫర్బిష్డ్ ఒకటి నచ్చింది, బ్యాటరీ రిపోర్టు తీస్తే 61 శాతం వచ్చింది, మార్చి ఇమ్మంటే ఒప్పుకోలేదు. మూడో చోట కొత్తది దొరికింది, 14 అంగుళాలు, ఐపీఎస్, పన్నెండో జనరేషన్ ఐ5, ర్యామ్ 8, ఒక స్లాటు ఖాళీ, ఎస్ఎస్‌డీ 512, కేజీన్నర లోపల బరువు, 42,800 అయింది. మిగిలిన దాంట్లో పెన్‌డ్రైవ్, సంచి తీసుకున్నా, ఇంకా వెయ్యి మిగిలింది. బిల్లు మీద సీరియల్ నెంబరు నేనే సరిచూసినా, షాపాయన నీకెవరు చెప్పినారమ్మా అని అడిగినాడు.

బస్సులో నాయన దాన్ని పైన పెట్టనియ్యలేదు, పత్తికొండ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు, కిటికీ తెర కూడా తనే దించినాడు.

రాత్రి ఇండియా కోడ్ నుంచి రెండు చట్టాలూ దించుకుని పక్కపక్కన పెట్టినా. ఎడమ పక్క పాత సీఆర్‌పీసీ 438, కుడి పక్క కొత్తదాంట్లో 482, అక్షరాలు బాగా కనపడతాండాయి. నాయన పక్కన కూర్చుని ఇదేం చట్టం అంటే పోలీసులు పట్టుకోకముందే అడుక్కునే బెయిలు నాయనా అని చెప్పినా. అట్లాంటిది ఉందని నాకిన్నాళ్ళూ తెలీదే అన్నాడు.

కోర్టు_టైపిస్టు:
కళ్ళు చల్లబడినాయమ్మా. ఇన్‌స్క్రిప్ట్ పాఠం రేపు సాయంత్రం ఈడనే మొదలుపెడదాం, ముందు ఎడమ చేతి అచ్చుల మీటలు చూసి ఉండు.

నల్లకోటు_అనంత:
438తో ఆగొద్దు, మిగతా బెయిలు సెక్షన్లు 437, 439 కూడా ఎదురెదురు పెట్టుకో, అవి 480, 483 అయ్యాయి. మొదటి ఇంటర్న్‌షిప్‌కి అనంతపురం రావాలనిపిస్తే ఇక్కడే మెసేజ్ పెట్టు, మా ఆఫీసులో ప్లగ్గు ఖాళీగానే ఉంటుంది.